అంకెకు అంటిన పసుపు

2018 మే 3న ట్విటర్ తన వాడుకదారులందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. అప్పటికి వాళ్ళు 33 కోట్ల మంది. బయటివాళ్ళెవరూ చొరబడలేదు, ఎక్కడా తాళం పగల్లేదు. పాస్‌వర్డ్‌ను ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి దాచే ఏర్పాటు ఆ సంస్థలో ఉంది, అది సరిగానే పనిచేస్తోంది కూడా. కాకపోతే ఆ మార్పిడి పూర్తయ్యేలోపే పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా ఒక లాగ్ ఫైల్లోకి వెళ్ళి కూర్చుంటోంది.

సర్వర్ తాను చేసిన ప్రతి పనినీ వరసగా రాసుకుంటూ పోయే ఫైలే లాగ్. ఏ గంటకు ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఎక్కడ తేడా కొట్టింది, అన్నీ అందులో ఉంటాయి. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ప్రోగ్రామర్లు మొట్టమొదట తెరిచేది దాన్నే. అందుకే దానికి పెద్దగా కాపలా ఉండదు. పదిమంది చదవాలి, పది చోట్లకు నకళ్ళు పోవాలి, వెతికితే వెంటనే దొరకాలి. డేటాబేస్‌కు ఏడు తలుపులు పెట్టినవాళ్ళు కూడా లాగ్‌ను వసారాలోనే ఉంచుతారు.

ట్విటర్ ఒక్కటే కాదు. కోట్లాది పాస్‌వర్డ్‌లు తమ లోపలి వ్యవస్థల్లో చదవడానికి వీలుగా పడి ఉన్నాయని 2019 మార్చిలో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. ఆ వ్యవహారంలో ఐర్లండ్ డేటా రక్షణ కమిషన్ 2024 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌ను నడిపే మెటాకు 9.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఈ రెండు సంస్థల్లోనూ భద్రతా నిపుణులకు కొదవ లేదు. వాళ్ళ చూపంతా లోపలికి వచ్చేవాళ్ళ మీద ఉంది. పాస్‌వర్డ్ తన దారిన తాను ఎక్కడెక్కడికి పోతోందో చూసే కన్ను మాత్రం లేదు. మనిషిని కాకుండా సమాచారాన్నే వెంబడించే ఆ కన్నును తయారు చేయడానికి కంప్యూటర్ శాస్త్రం యాభై ఏళ్ళుగా కష్టపడుతోంది.

ఇది ఎక్కడో అమెరికా సంస్థల బెడద అనుకోవడానికి లేదు. 2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ నంబర్లు, దాదాపు 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరికంటే వాళ్ళకు కనిపించేలా ఉండి ఉండవచ్చని అందులో అంచనా కట్టారు. నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. ఆ నాలుగు పోర్టళ్ళలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల నివేదికలు, రెండోది చంద్రన్న బీమా. ఉపాధి హామీ వివరాలు బయట పెట్టడం వెనక మంచి ఉద్దేశమే ఉంది. ఎవరికి ఎంత కూలి పడిందో ఊరంతా చూసుకోవాలి, దొంగ మస్టర్లు బయటపడాలి. పేదవాడికి అది పెద్ద ఆసరా. చూపించాల్సింది పేరు, పనిదినాలు, కూలి. వాటి పక్కనే ఉన్న ఆధార్, ఖాతా నంబరు గళ్ళు కూడా బయటికి వచ్చేశాయి. గడి ఫలానా రకం సమాచారమని వ్యవస్థకు తెలిసి ఉంటే, పేజీ తయారయ్యేటప్పుడే అది అడ్డం పడి ఉండేది.

మరుసటి ఏడాది జూన్‌లో పెద్దపల్లి జిల్లాలో బయటపడ్డ కేసు ఇంతకన్నా బాధ కలిగించేది. సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేయించి, వాటితో ఆధార్ ఈ-కేవైసీ పూర్తి చేసి సిమ్‌లు తీసుకున్నాడని పోలీసులు చెప్పారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. బొటనవేలిని మార్చుకోలేం. దస్తావేజు మీద ముద్ర వేసిన రైతు తన పొలం సంగతి ఒక కాగితానికి సాక్ష్యం చెబుతున్నాననుకున్నాడు. అది స్కానై, వెబ్‌సైట్‌కెక్కి, రబ్బరుగా మారి, తన పేరుతో ఎవరి చేతిలోనో ఫోనై మోగుతుందని అతనికి ఎవరు చెప్పారు? ఆ ముద్ర నడిచిన దారిలో నాలుగు మజిలీలున్నాయి. ఏ మజిలీలోనూ దాన్ని ఆపి, నువ్వు ఎవరి సొత్తు, ఎటు పోతున్నావు అని అడిగేవాళ్ళు లేకపోయారు.

అడిగే పద్ధతికి పునాది వేసింది డొరోతీ డెన్నింగ్. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1976లో ఆమె ప్రచురించిన పత్రం ఈ రంగానికంతటికీ మూలం. ఆమె ఆలోచన ఇది: ఒక ఫైలును ఎవరు తెరవవచ్చో నిర్ణయించడంతో పని అయిపోదు. తెరిచిన మనిషి అందులోని విషయాన్ని ఇంకో ఫైల్లో రాసుకుంటే, మొదటి తాళానికి విలువ లేదు. కాబట్టి తాళాన్ని ఫైలుకు కాదు, సమాచారానికే వేయాలి. ప్రతి విలువకూ ఒక గుర్తు పెట్టాలి. రెండు విలువలు కలిసి మూడోది పుడితే, దానికి రెండింటి గుర్తులూ రావాలి. తక్కువ గోప్యత ఉన్న చోటినుంచి ఎక్కువ గోప్యత ఉన్న చోటికి సమాచారం పోవచ్చు, వెనక్కి దిగి రాకూడదు.

పసుపు అంటిన చేత్తో ముట్టుకున్న ప్రతిదానికీ పసుపు అంటుతుంది కదా, అచ్చం అలాగే. మొదట పసుపు పూసింది ఒక్క అంకెకే అయినా, దాన్ని కూడిన మొత్తానికి, అతికించిన వాక్యానికి, దాచిన ఫైలుకు, పంపిన సందేశానికి వరసగా అంటుకుంటూ పోతుంది. గుమ్మం దాటేటప్పుడు పసుపు కనిపిస్తే ఆపి అడగవచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్నే టెయింట్ ట్రాకింగ్ అంటారు.

చెప్పడానికి సులువుగా ఉన్న ఈ మాటను నడిచే యంత్రంలో చూపించడానికి చాలా కాలం పట్టింది. అలా చూపించిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది టెయింట్‌డ్రాయిడ్. పెన్ స్టేట్, డ్యూక్ విశ్వవిద్యాలయాలు, ఇంటెల్ ల్యాబ్స్ పరిశోధకులు కలిసి 2010లో దీన్ని వెల్లడించారు. ముఖ్య రచయిత విలియం ఎన్క్. ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పుడప్పుడే జనంలోకి వస్తున్న రోజులవి. యాప్ వేసుకునేటప్పుడు అది స్థానం అడుగుతుంది, కాంటాక్టులు అడుగుతుంది, మనం సరేనంటాం. ఆ తర్వాత దానితో అది ఏం చేస్తుందో తెలుసుకునే మార్గం లేదు. వీళ్ళు యాప్‌లను ముట్టుకోలేదు. యాప్‌ల కోడ్‌ను నడిపించే అడుగు పొరనే తిరగరాశారు.

ఆ పొరలో ప్రతి విలువ పక్కనా 32 బిట్ల గుర్తుకు చోటు కేటాయించారు. ఒక్కో బిట్ ఒక్కో రకం సమాచారానికి: స్థానానికి ఒకటి, కాంటాక్టులకు ఒకటి, మైక్‌కు ఒకటి, ఫోన్ నంబరుకు ఒకటి, ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరుకు ఒకటి. ఇప్పుడు ఒక యాప్ జీపీఎస్‌ను అడిగి 17.38, 78.48 అనే రెండు సంఖ్యలు తీసుకుందనుకుందాం. అది హైదరాబాదు. జీపీఎస్ నుంచి బయటికి వస్తూనే ఆ రెండింటి పక్కన స్థానం బిట్ 1 అవుతుంది. యాప్ ఆ సంఖ్యలను అక్షరాల వరుసగా మారుస్తుంది, గుర్తు వెంట వస్తుంది. దానికి ఐఎంఈఐని అతికిస్తుంది, ఇప్పుడు ఆ వరుసకు రెండు బిట్లు వెలుగుతాయి. ఫైల్లో దాచుకుని యాప్ మూసేసినా ఫైలుకే గుర్తు అంటి ఉంటుంది. మర్నాడు తెరిచి, కుదించి, ఎన్‌క్రిప్ట్ చేసి పంపబోతే, నెట్‌వర్క్ అంచున కూర్చున్న కోడ్ ఆ గజిబిజి అక్షరాలను చదవనక్కర్లేదు. పక్కనున్న 32 బిట్లు చూస్తే చాలు. స్థానం, ఐఎంఈఐ, ఫలానా చిరునామాకు పోతున్నాయి అని రాసేస్తుంది. ఎన్‌క్రిప్షన్ చాటున దాగిన లీకును వైరు మీద కాపు కాసేవాడు పట్టలేడు, లోపల కూర్చున్న ఈ కోడ్ పట్టగలదు.

జనం వాడుతున్న 30 యాప్‌లను వాళ్ళు ఇలా గమనించారు. 20 యాప్‌లలో వ్యక్తిగత సమాచారాన్ని అనుమానించదగ్గ తీరులో వాడిన సందర్భాలు 68 దొరికాయి. వాటిలో 15 యాప్‌లు వాడుకదారుడి స్థానాన్ని ప్రకటనల సర్వర్లకు పంపుతున్నాయి. ఈ కాపలాకు ఫోను చెల్లించిన మూల్యం, ప్రాసెసర్‌కే పని పెట్టే పరీక్షలో, 14 శాతం. యాప్‌లు మన వివరాలు మోసుకుపోతాయన్న మాట ఇవాళ బడిపిల్లలకూ తెలుసు. అప్పుడు మాత్రం అది అనుమానమే. దాన్ని లెక్కకు తెచ్చి ముందు పెట్టింది ఈ 32 బిట్లు.

ఈ పద్ధతిని బోల్తా కొట్టించడానికి నాలుగు వరసల కోడ్ చాలు. చూడండి:

జవాబు = 0
జవాబు, రహస్యానికి సమానం అయ్యేదాకా:
జవాబుకు 1 కలుపు
జవాబును పంపు

రహస్యం 7 అనుకోండి. జవాబు సున్నాతో మొదలై, ఒక్కొక్కటిగా పెరిగి, 7 దగ్గర ఆగి, బయటికి పోతుంది. ఎక్కడా రహస్యాన్ని జవాబులోకి ఎత్తి పోయలేదు. జవాబుకు కలిసినవన్నీ ఒట్టి ఒకట్లే. గుర్తు అంటడానికి తావే లేదు, 7 మాత్రం గుమ్మం దాటింది. ఇలా పోలిక మాటున జరిగే ప్రవాహాల సంగతి డెన్నింగ్ తొలినాళ్ళలోనే చెప్పారు. టెయింట్‌డ్రాయిడ్ వీటి జోలికి పోలేదు, పోలేదన్న సంగతిని దాచనూ లేదు.

మరి పోలికలకు కూడా గుర్తు అంటించేస్తే? అప్పుడు చిక్కు రెండో వైపు నుంచి వస్తుంది. పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా అన్న పోలిక మీదే లాగిన్ పేజీ నడుస్తుంది. పోలికకు గుర్తు అంటితే "స్వాగతం" అన్న మాటకూ అంటుతుంది, ఆ తర్వాత తెరిచే ప్రతి పేజీకీ అంటుతుంది. గంట గడిచేసరికి వ్యవస్థలో గుర్తు లేని విలువ మిగలదు. అన్నిటికీ అంటిన గుర్తు ఎందుకూ కొరగాదు. కాబట్టి గుర్తును ఎక్కడో ఒకచోట కడగాలి. ఎక్కడ కడగాలన్నదే ఈ శాస్త్రంలో అసలు కష్టం, దాన్ని ఏ సూత్రమూ ఒక్క దెబ్బలో తేల్చలేదు.

ఉదాహరణకు, ఫోన్ నంబరును హ్యాష్ చేశాం కాబట్టి అది ఇక వ్యక్తిగత సమాచారం కాదు అని వాదించే ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. హ్యాష్ చేస్తే నంబరు ఒక పొడవాటి చెత్త వరుసగా మారుతుంది, దాన్నుంచి నేరుగా వెనక్కి రావడం ఆచరణలో అసాధ్యం, నిజమే. కానీ మన మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. మొత్తం ఉండగలిగేవి 400 కోట్ల నంబర్లు. మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ నిమిషాల్లో ఆ 400 కోట్లనూ హ్యాష్ చేసి, ఏది దేనికి సరిపోతుందో చెప్పేస్తుంది. వెనక్కి రానక్కర్లేదు, అన్ని దారుల్లోనూ ముందుకు వెళ్ళి చూస్తే సరిపోతుంది. రహస్య తాళంచెవి కలపకుండా ఉత్త హ్యాష్ చేసిన ఫోన్ నంబరుకు గుర్తు కడగడం తప్పు అని నా గట్టి నమ్మకం.

ఇప్పటిదాకా చెప్పింది పుట్టినచోట గుర్తు పెట్టడం గురించి. పాతికేళ్ళుగా పేరుకున్న డేటాబేస్‌లు, ఫైళ్ళు, బ్యాకప్‌ల మాటేమిటి? వాటిలో ఏది ఏమిటో ముందు కనిపెట్టాలి. ఇక్కడ పనికొచ్చే ఉపాయం, చాలా నంబర్లలో చివరి అంకె మిగతావాటికి కాపలా ఉండటం. బ్యాంకు కార్డు నంబరునే తీసుకుందాం. 1954లో ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ పేటెంటుకు పంపిన లెక్క అది. కుడి నుంచి ఎడమకు వస్తూ ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి, రెట్టింపు 9 దాటితే 9 తీసేయాలి, అన్నీ కూడాలి, మొత్తం పదితో నిశ్శేషంగా భాగింపబడాలి. సాఫ్ట్‌వేర్ పరీక్షలకు వాడే ఉత్తుత్తి నంబరు 4111 1111 1111 1111 మీద వేసి చూడండి. రెట్టింపయ్యేవి ఒక 4, ఏడు ఒకట్లు: 8, 14, కలిపి 22. రెట్టింపు కానివి ఎనిమిది ఒకట్లు: 8. మొత్తం 30. సరిపోయింది. 16 అంకెలు కనిపించగానే ఈ లెక్క వేస్తే, కార్డు కాని నంబర్లలో పదింట తొమ్మిది అక్కడే రాలిపోతాయి.

ఆధార్ ఇంకా గట్టిది. దాని 12వ అంకె డచ్ గణితజ్ఞుడు వెర్హోఫ్ 1969లో కనిపెట్టిన పద్ధతి ప్రకారం వస్తుంది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పసిగడుతుంది. అయినా మన దేశంలో దానికో చిక్కుంది. యూపీఐ చెల్లింపుకు వచ్చే రిఫరెన్స్ నంబరు కూడా 12 అంకెలే. ఏ 12 అంకెల సంఖ్యనైనా వెర్హోఫ్ లెక్కకు పెడితే పదింట ఒకటి యాదృచ్ఛికంగా నెగ్గుతుంది. లక్ష యూపీఐ చెల్లింపులున్న లాగ్‌ను వెతికితే దాదాపు పదివేల దొంగ ఆధార్‌లు దొరుకుతాయి. పదివేల అలారాలు మోగిన చోట అసలైనవాటిని ఎవరూ పట్టించుకోరు. అందుకని వెతికేవాడు అంకెలను మాత్రమే కాదు, వాటి ఇరుగుపొరుగునూ చూడాలి. ఆ గడికి పేరేమిటి, పక్క గడిలో పుట్టినతేదీ ఉందా, ముందు "యూఐడీ" అని ఉందా, వెనక రూపాయల మొత్తం ఉందా?

అంకెలు ఎలాగో దొరుకుతాయి. పేర్లు, చిరునామాల దగ్గర మన భాషలు ఈ యంత్రాలను నిజంగా ఓడిస్తాయి. ఇంటి నంబరు, వీధి, నగరం, పిన్‌కోడ్ అన్న వరసలో వెతికే ప్రోగ్రామ్‌కు "రామాలయం వెనక, రేషన్ షాపు ఎదురు సందు" అన్నది చిరునామా అని ఎలా తెలియాలి? ఇంటిపేరు ముందు రాసేవాళ్ళున్నారు, వెనక రాసేవాళ్ళున్నారు, ఒక్క అక్షరానికి కుదించేవాళ్ళున్నారు. అదే పేరు ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా ఉంటుంది. ఒక ఆస్పత్రి వ్యవస్థలో "రోగి భార్య లక్ష్మి చెప్పిన వివరాల ప్రకారం" అని డాక్టరు తెలుగులో రాసిన వాక్యం ఏ గళ్ళకూ లొంగదు. ఈ పని ఇంగ్లిషు డేటాతో తయారైన సాధనాలకు వదిలేస్తే కాదు. మన పేర్లు, మన చిరునామాలు, మన రాత తెలిసిన సాధనాలను ఇక్కడే తయారు చేసుకోవాలి. హైదరాబాదులో అందుకు కావలసిన మనుషులకు లోటు లేదు.

లేని సమాచారం లీక్ కాదు అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాల సైట్లు మన కార్డు నంబరు దాచుకోకూడదని, దాని బదులు టోకెన్ అనే మారు నంబరు మాత్రమే ఉంచుకోవాలని రిజర్వు బ్యాంకు అమలు చేసిన నియమం, నా దృష్టిలో, ఎన్నో అలారాల కన్నా ఎక్కువ మేలు చేసింది.

ఇక దొంగను పట్టడం సంగతి. ఈక్విఫాక్స్ అనే అమెరికా క్రెడిట్ సంస్థలో 2017లో జరిగింది ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటి కేసు. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మార్చిలో బయటపడ్డ లొసుగును సంస్థ పూడ్చలేదు. మే నెలలో దొంగలు దానిగుండా దూరారు. లోపల ఒక ఫైల్లో యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ చేయకుండా పడి ఉన్నాయి. వాటితో 48 డేటాబేస్‌లకు దారి దొరికింది. దాదాపు 9,000 సార్లు డేటాబేస్‌లను ప్రశ్నించారు, 265 సార్లు వ్యక్తిగత వివరాలు చేతికొచ్చాయి. 76 రోజులు సాగిందిది. 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. బయటికి పోయే రద్దీని తెరిచి చూసే పరికరం ఆ సంస్థకు ఉంది. దాని సర్టిఫికెట్ గడువు ముగిసి నెలలు గడవడంతో అది గుడ్డిదై కూర్చుంది. జులై 29న కొత్త సర్టిఫికెట్ వేయగానే అనుమానాస్పద రద్దీ కళ్ళబడింది.

ఆ 265 మీద నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది. ఒక వెబ్ సర్వర్‌కు కేటాయించిన ఖాతా, తనకు సంబంధం లేని డేటాబేస్‌ల నుంచి, తాను ఎన్నడూ అడగని సోషల్ సెక్యూరిటీ నంబర్లు వేలకొద్దీ అడుగుతోంది. గళ్ళకు గుర్తులుండి, ఏ ఖాతా రోజుకు ఎన్ని గుర్తున్న గళ్ళు తాకుతుందో లెక్క ఉంటే, 265 దాకా పోనక్కర్లేదు. మొదటి పదిలోనే తేడా తెలుస్తుంది. దొంగ సరైన పాస్‌వర్డ్‌తోనే వస్తాడు, తలుపు అతన్ని గుర్తుపట్టదు. అతని చేతిలో ఏముందో మాత్రం గుర్తు చెబుతుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2025 మేలో కాయిన్‌బేస్ అనే క్రిప్టో సంస్థ బయటపెట్టిన ఉదంతం ఆ మాటకు పరీక్ష పెట్టింది. అమెరికా బయట పనిచేసే కస్టమర్ సపోర్టు సిబ్బందిలో కొందరికి లంచాలిచ్చి దుండగులు దాదాపు 69,000 మంది ఖాతాదారుల వివరాలు రాబట్టారు, 2 కోట్ల డాలర్లు ఇమ్మని బెదిరించారు. సంస్థ ఇవ్వలేదు. ఇందులో గమనించదగ్గ విషయం ఒకటుంది. పనికి అవసరం లేకుండా ఖాతాలు తెరిచి చూస్తున్నవాళ్ళను సంస్థ నిఘా వ్యవస్థ అంతకు ముందు నెలల్లోనే విడివిడిగా పట్టుకుంది, వాళ్ళను తీసేసింది. ఆ ఘటనలన్నీ ఒకే కుట్రలో ముక్కలని తెలిసింది మాత్రం బెదిరింపు ఉత్తరం వచ్చాకే. ఒక్కో ఉద్యోగి వెంట నడిచిన కన్ను, పోతున్న సమాచారం వెంట చివరిదాకా నడవలేదు.

దొంగ వెంట పరుగెత్తడం కన్నా ఎర వేసి కూర్చోవడం తేలిక అని 1980ల్లోనే చూపినవాడు క్లిఫర్డ్ స్టోల్. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా ఎందుకొచ్చిందో చూడమంటే, ఆ తీగ లాగి జర్మనీలోని హానోవర్‌లో కూర్చున్న హ్యాకర్ దాకా వెళ్ళాడు. హ్యాకర్ ఫోన్ లైను మీద ఎక్కువసేపు ఉంటే తప్ప జాడ తీయలేరు. అందుకని స్టోల్ రక్షణ శాఖ పరిశోధన కాగితాల్లా కనిపించే పెద్ద పెద్ద బూటకపు ఫైళ్ళు సృష్టించి పెట్టాడు. హ్యాకర్ గంటలకొద్దీ వాటిని చదువుతూ కూర్చున్నాడు. కొన్నాళ్ళకు ఆ ఫైళ్ళలో ఉన్న చిరునామాకు, ఆ కాగితాలు పంపమంటూ పిట్స్‌బర్గ్ నుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది. ఆ చిరునామా బయటి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కాబట్టి ఉత్తరం రాసినవాడికి సమాచారం ఏ దారిన అందిందో ఇక వాదించే పనే లేదు.

ఇవాళ ఇదే పని ఖాతాదారుల పట్టికలో ఒక బూటకపు వరుస చేర్చి చేస్తున్నారు. ఆ పేరుతో మనిషి లేడు కాబట్టి ఏ ఉద్యోగికీ, ఏ ప్రోగ్రామ్‌కూ ఆ వరుసను వెతికే పని పడదు. దాన్ని ఎవరైనా తెరిస్తే, దానిలోని ఈమెయిలుకు ఎక్కడినుంచైనా ఉత్తరం వస్తే, పట్టిక పోయినట్టే లెక్క. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎరలో నమ్మకం కలగడానికి లెక్క సరిపోయే ఆధార్ నంబరు కల్పిస్తే, అది నిజంగా ఎవరిదో ఒకరిది అయ్యే ప్రమాదం ఉంది. సంస్థ తనే కొన్న ఫోన్ నంబరు, తన చేతిలోని ఈమెయిలు పెట్టడమే సరైన పని.

ఇంత కాపలా పెట్టాక, కాపలా రాసుకునే రాతల సంగతి చూడాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలి, దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద, సరైన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు లాగ్‌లను ఏడాది ఉంచమంటున్నాయి, ఉల్లంఘన జరిగితే వివరాలు 72 గంటల్లో డేటా రక్షణ బోర్డు ముందు పెట్టమంటున్నాయి. ఎవరెవరి వివరాలు పోయాయో మూడు రోజుల్లో చెప్పాలంటే గుర్తులు, దారులు ముందే రాసి ఉండాలి, తర్వాత కూర్చుని తవ్వితే కుదరదు. కానీ ఏడాదిపాటు దాచే ఆ రాతల్లోనే "ఫలానా ఉద్యోగి ఫలానా ఆధార్ చూశాడు" అని నంబరుతో సహా రాస్తే, ట్విటర్ కథ మళ్ళీ మొదలు. రాయాల్సింది విలువ కాదు, గుర్తు. ఆధార్ రకం గడి, ఖాతాదారుడికి వ్యవస్థ ఇచ్చిన మారుపేరు, చూసిన ఖాతా, సమయం. అంతకు మించి ఒక్క అంకె అక్కర్లేదు.

లాగ్ గురించి ఇంకో మాట. 2021 డిసెంబరులో ప్రపంచాన్ని వణికించిన లాగ్4జె (లాగ్‌లు రాసే ఒక సాఫ్ట్‌వేర్) లొసుగులో దాడి చేసేవాడు చేసిందల్లా, లాగ్‌లోకి పోతుందని తెలిసిన చోట ఒక ప్రత్యేకమైన వాక్యం టైపు చేయడం. లాగ్ రాసే కోడ్ దాన్ని ఆదేశంగా తీసుకుని, బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడిపేది. అంటే గుర్తు పెట్టాల్సింది బయటికి పోయే రహస్యానికే కాదు, బయటినుంచి వచ్చే నమ్మరాని మాటకు కూడా. యంత్రాంగం ఒక్కటే, దిక్కు మారుతుంది.

ఈ రెండు దిక్కులూ ఇప్పుడు ఒకేచోట కలుస్తున్నాయి. మన ఈమెయిళ్ళు చదివి, ఫైళ్ళు వెతికి, జవాబులు రాసే ఏఐ సహాయకుల్లో. 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కోపైలట్‌లో బయటపడిన ఎకోలీక్ అనే లొసుగు సారాంశం ఇది: ఎవరో ఒక ఈమెయిలు పంపుతారు, అందులో యంత్రానికి మాత్రమే ఉద్దేశించిన ఆదేశం దాగి ఉంటుంది. మనం ఏమీ నొక్కకపోయినా, సహాయకుడు తర్వాత ఆ ఈమెయిలును చదివినప్పుడు మన దస్త్రాల్లోని సంగతులు బయటికి మోసుకుపోగలడు. నమ్మరాని మాట లోపలికొచ్చింది, రహస్యం బయటికి పోయే దారి తెరిచింది. మైక్రోసాఫ్ట్ దాన్ని పూడ్చింది, వాడుకదారులెవరికీ నష్టం జరగలేదని చెప్పింది.

దీనికి మందుగా గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు అదే ఏడాది క్యామెల్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. చదివితే డెన్నింగ్ పత్రం కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టనిపిస్తుంది. మనం అడిగిన మాట నుంచి మాత్రమే పని పథకం తయారవుతుంది, దారిలో చదివిన ఈమెయిళ్ళకు దాన్ని మార్చే అధికారం ఉండదు. చదివిన ప్రతి విలువ వెంట, ఇది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు చూడవచ్చు అన్న గుర్తు నడుస్తుంది. సహాయకుడు ఒక దస్త్రాన్ని ఫలానా చిరునామాకు పంపబోయినప్పుడు, ఆ గుర్తులో ఆ చిరునామా లేకపోతే పని అక్కడే ఆగి, మనల్ని అడుగుతుంది.

ఆ అడగడం దగ్గరే పాత చిక్కు మళ్ళీ ఎదురవుతుంది. పది ఉత్తరాలు చదివి ఒక సారాంశం రాయమంటే, పది గుర్తులూ దాని మీద పేరుకుంటాయి. దాన్ని ఎవరికి పంపాలన్నా పదిమందిలో ఎవరో ఒకరి గుర్తు అడ్డం పడుతుంది. రోజుకు యాభైసార్లు "పంపమంటారా?" అని తెర మీద అడిగితే, యాభై ఒకటోసారి చదవకుండానే "సరే" నొక్కుతాం. సారాంశంలోని ఏ వాక్యం ఏ ఉత్తరం నుంచి వచ్చిందో విడదీసి, దేని గుర్తు దానికే పెట్టగలిగితే ప్రశ్నలు తగ్గుతాయి. భాషా నమూనా లోపల ఒక మాట ఇంకో మాటతో కలిసే తీరును అంత స్పష్టంగా విడదీయడం ఇంకా చేతకాలేదు. ప్రస్తుతం పరిశోధకులు తలలు పట్టుకుంటున్నది అక్కడే.